పసిడిబీడులో తొలి నిలుపు

పింగళగిరి రాజ్యానికి ఉత్తరాన, మూడు కొండల నడుమ, రెండామడల మేర పసిడిబీడు పరచుకొని ఉంది. అంతా నడుమెత్తు గడ్డి. మార్గశిరం వచ్చేసరికి ఆ గడ్డి వేళ్ల దాకా పండి, కొనకొనకూ ఒక మంచుబొట్టు నిలుపుకొని, సూర్యుడు తూర్పుకొండ మీదికి రాగానే ఒక్కసారిగా వెలుగుతుంది. గడ్డి నడుమ రేగుపొదలు, తంగేడు గుబుర్లు. వాటి అడుగున వేలకు వేలు కౌజుపిట్టలు. ఏడాది పొడవునా ఆ బీడులో సామాన్యుడు అడుగు పెడితే ఆ కాలు తీసేస్తారు. ఒక్కరోజు మాత్రం రణధవళ మహారాజు ద్వారాలు తెరిపించి, అన్ని దేశాల వేటకుక్కలనూ నిలుపు పందేనికి పిలుస్తాడు. ఆ రోజు ఇవాళే.

ద్వారం పక్కన ఎత్తైన మంచె వేశారు. దానికి చందనపు స్తంభాలు, స్తంభాలకు కెంపురంగు పట్టు, పైన నెమలికన్నుల కప్పు, అంచులకు వెండి మువ్వలు. మంచె మీద మహారాజు, ఆయన ముందు నీళ్ల గంగాళం, గంగాళంలో తేలే రాగి గిన్నె. గిన్నె అడుగున సూదిమొన పట్టేంత బెజ్జం. గిన్నె మునగగానే నగారా మోగుతుంది, ఒక జంట పందెం ముగిసినట్టు. మంచె కింద పద్దెనిమిది దేశాల కుక్కలు బారులు తీరి ఉన్నాయి. కొన్ని పల్లకీలలో వచ్చాయి. ఒకదాని మెడకు ముత్యాల పట్టెడ, ఒకదాని వీపున జరీ శాలువ. ఒకదానికి ప్రత్యేకంగా పన్నీరు చల్లే మనిషి. పన్నీరులో తడిసిన కుక్కకు పిట్ట వాసన ఎట్లా తగులుతుందో ఆ చల్లేవాడినే అడగాలి.

వీటి మధ్యకు గువ్వలదిన్నె తిప్పన తన కుక్కను గోగునార తాడుతో పట్టుకొని నడిచి వచ్చాడు.

తిప్పన ఇరవై రెండేళ్ల వేటగాడు. భుజాన గొంగడి, నడుముకు చిక్కం తప్ప వేరే అలంకారం లేదు. కుక్క పేరు రేగడి. తెల్లటి ఒంటి మీద ఎవరో నల్లరేగడి చేతులు తుడుచుకున్నట్టు మచ్చలు. ఒక చెవి నలుపు, ఒక చెవి తెలుపు. ఒంటికి మించిన పాదాలు, లెక్కపెట్టగలిగే పక్కటెముకలు. పల్లకీలోని కుక్కను చూసి తోక ఊపింది. ఆ కుక్క మొహం తిప్పుకుంది.

పందేనికి తీర్పరి వేటపెద్ద మైలారయ్య. డెబ్బై ఏళ్ల మనిషి. నలభై ఏళ్లుగా ఆ బీడులో తెల్లగుర్రం ఎక్కి, ఎడమచేతి మీద డేగను పెట్టుకొని తీర్పు చెబుతున్నాడు. ఇన్నేళ్లలో ఏ కుక్కనూ మెచ్చుకోలేదని, ఏ కుక్క కోసమూ గుర్రం దిగలేదని ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకు ఇష్టం కూడా.

"ఈ కూనకు వయసెంత, అబ్బీ?" అన్నాడు గుర్రం మీద నుంచే.

"పదిహేను నెలలు, దొరా."

"ఇంతకుముందు ఎన్ని పందేలు ఆడింది?"

"ఇదే మొదటిది."

చుట్టూ ఉన్న దొరల నౌకర్లు నవ్వారు. ఒకడు రేగడి పాదాలు చూపించి, అది కుక్క కాదు ఎలుగు పిల్ల అన్నాడు. తిప్పన వాడివైపు తిరిగి, "పొద్దెక్కనీ, ఏ పిల్లో నీకే తెలుస్తాది," అన్నాడు. తిప్పనకు పొగరు ఉంది, నేను కాదనను. గువ్వలదిన్నె నీళ్లలోనే అది ఉంది.

మైలారయ్య మాత్రం నవ్వలేదు. "మొదటిది కాబట్టి చెబుతున్నా, చెవిలో వేసుకో. రెండు కుక్కలను జంటగా వదులుతాం. పిట్ట వాసన తగలగానే కుక్క ఉన్నచోటనే బిగుసుకొని నిలబడాలి. జంటలో ఒకటి నిలబడితే రెండోది దాని వెనకనే ఆగి మర్యాద ఇవ్వాలి. నువ్వు చెయ్యెత్తు, నేను వస్తా. నువ్వే వెళ్లి పిట్టను లేపాలి, నేను డేగను వదులుతా. అప్పుడు కూడా నీ కుక్క కదలకూడదు. కదిలితే తప్పు. పిట్ట లేని చోట నిలిస్తే తప్పు. నువ్వు మూడుసార్ల కంటే ఎక్కువ అరిస్తే తప్పు. రెండు తప్పులకు ద్వారం బయట ఉంటావు."

"చిత్తం, దొరా."

అతను చిత్తం అన్నాడు గానీ మనసు పందెం మీద లేదు. బీడు మీద ఉంది. ఆ పది వేల పిట్టల్లో ఒకటి పిట్ట కాదు. అది అతని అక్క మాచమ్మ.

గువ్వలదిన్నెలో కుక్కను పెంచడమంటే మాచమ్మ తర్వాతే ఎవరైనా. ఆరు నెలల కిందట కాకిశిఖరం దగ్గర వాగులో స్నానం చేస్తున్న కాకజంఘుడనే మాంత్రికుణ్ణి ఆమె చూసింది. వాడు ఒడ్డున పెట్టిన నల్లముత్యాన్ని కూడా చూసింది. వాడి శక్తిలో సగం ఆ ముత్యంలోనే ఉంది. ఊళ్లో పసివాళ్లను ఎత్తుకుపోయేది వీడేనని తెలిసిన మాచమ్మ, ముత్యాన్ని అందుకొని నోట్లో వేసుకొని పరుగెత్తింది. వాడు వెనకనుంచి శపించాడు. ఆమె కౌజుపిట్ట అయిపోయింది. ముత్యం నోట్లోనే దాచుకొని ఎగిరి, పిట్టల్లో పిట్టగా పసిడిబీడులో దాగింది.

ఇదంతా తిప్పనకు చెప్పింది కొండమీది యోగిని. "నీ అక్కను రెండు చేతుల్లోకి ప్రాణాలతో తీసుకొని పేరు పెట్టి పిలు, శాపం పోతుంది," అన్నది. "కానీ వేరే పిట్టను పట్టి ఆ పేరుతో పిలిచావో, పిలిచిన నువ్వే పిట్టవవుతావు. రెండో అవకాశం లేదు. వాడి సంగతీ చెబుతున్నా. ఒళ్లంతా మార్చుకోగలడు, కాళ్లు మార్చుకోలేడు."

ఇవాళ కాకపోతే మళ్లీ ఏడాదికి గాని ద్వారం తెరవరు. కౌజుపిట్టకు అంత ఆయుష్షు ఎక్కడిది? పైగా ఇవాళ లేచిన ప్రతి పిట్ట మీదికీ డేగ వెళుతుంది. అందుకే తిప్పన పండని కుక్కను పందేనికి తెచ్చాడు.

పండనిదంటే పనికిరానిదని కాదు. అయిదు కూనల్లో రేగడిని ఏరింది మాచమ్మే. వెదురుకర్ర కొనకు దారం, దారానికి కౌజు రెక్క కట్టి కూనల ముందు ఆడించింది. నాలుగు కూనలు అలసిపోయేదాకా తరిమాయి. అయిదోది మూడుసార్లు తరిమి, నాలుగోసారి ఆగి, ఎడమ ముంగాలు ఎత్తి రెక్క వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆ రోజు మాచమ్మ వీధి వీధికీ వెళ్లి చెప్పుకుంది. ఆమె దగ్గరే తిని, ఆమె దగ్గరే పడుకొని పెరిగింది రేగడి. సాయంత్రం ఆమె పొలం నుంచి రాగానే నేలకు కరుచుకొని పడుకొని, గడ్డం చాపి ఆమె పాదాల మీద పెట్టేది. ఇంకెవరికీ అట్లా చేసేది కాదు. ఆరు నెలలు అన్నం పెట్టిన తిప్పనకు కూడా చేయలేదు. దాని మీద అతనికి కొంచెం కినుక ఉంది.

అక్క పోయాక పొడుగు తాడు కట్టి "నిలు" అంటే నిలవడం, "పో" అంటే కదలడం తిప్పనే నేర్పాడు. తాడు ఒరుసుకొని అరచేతులు కాయలు కాశాయి. అతనికి ఓర్పు తక్కువ. ప్రతిదానికీ కేకలు వేసేవాడు. "దాని ముక్కు పని చేస్తుంటే నీ నోటికి పనేముంది?" అని మాచమ్మ ఉన్నప్పుడు ఎన్నోసార్లు విసుక్కుంది.

కుండలోంచి పేర్లు రాసిన తాటాకులు తీసి జంటలు కలిపారు. తిప్పనకు జంటగా వచ్చినవాడు శ్యామద్వీపపు దొర. పొడవాటి మనిషి. నేల ఊడ్చే నిలువుటంగీ, వేళ్ల నిండా ఉంగరాలు, పలకరించినవాళ్లందరికీ చిరునవ్వు. అతని కుక్క మసిరంగుది, మచ్చ అన్నది లేదు. ఆ చలిలో కుక్కలన్నిటి నోళ్ల నుంచీ పొగలాగా ఊపిరి వస్తోంది. ఈ మసికుక్క నోటినుంచి మాత్రం ఏమీ రావడం లేదు. తిప్పన అది చూశాడు. ఆలోచించేలోపు నగారా మోగింది.

"వదలండి," అన్నాడు మైలారయ్య.

రెండు కుక్కలూ గడ్డిలోకి దూకాయి. మసికుక్క కొలిచి గీసినట్టు ఎడమకూ కుడికీ తిరుగుతూ గాలికి ఎదురుగా సాగింది. మంచె మీదివాళ్లు బాగుంది బాగుంది అన్నారు. మన రేగడి ఏం చేసిందయ్యా అంటే, ఇంత పెద్ద బీడు జన్మలో చూడలేదు కనుక ఆనందం పట్టలేక తూనీగ వెంట పడింది. తూనీగ ఎటు పోతే అటు. గాలి వీపుకు తగులుతోందో మొహానికి తగులుతోందో కూడా చూసుకోలేదు. మంచె మీద నవ్వులు లేచాయి.

"రేగడీ, ఇటు," అని అరిచాడు తిప్పన. ఒకటి.

రేగడి వినలేదు. తిప్పన పరుగెత్తుతూ మళ్లీ అరిచాడు. రెండు. అది తిరిగి చూసి, తోక ఊపి, చెంగున దూకింది. తిప్పనకు ఒళ్లు మండింది. గువ్వలదిన్నె పరువు తీయడానికే పుట్టావా అని గొంతు చించుకున్నాడు. మూడు.

"ఇక నోరు విప్పితే తప్పు," అన్నాడు మైలారయ్య వెనకనుంచి.

కొత్తవాళ్లంతా చేసే పనే తిప్పన చేశాడు. గిన్నె అంగుళమైనా దిగకముందే ఉన్న కేకలన్నీ ఖర్చు పెట్టేశాడు. ఇక పెదవి బిగించుకొని కుక్క వెంట పరుగెత్తడమే. చిత్రమేమంటే, వెనక అరుపు ఆగేసరికి రేగడి కూడా ఆగింది. తల ఎత్తింది. ముక్కు పుటాలు ఆడాయి. గాలివైపు తిరిగి, తూనీగ సంగతి మరిచి, పనిలో పడింది. ఎడమకు నూరు గజాలు, కుడికి నూరు గజాలు. కాళ్లు నేలకు తగులుతున్నాయో లేదో అన్నట్టుంది ఆ పరుగు. నవ్వేవాళ్లు ఒక్కొక్కరే నవ్వడం మానేశారు.

ఉన్నట్టుండి రేగడి గిరుక్కున మెడ తిప్పి నిలబడిపోయింది. ఎడమ ముంగాలు గాల్లో ఉంది, తోక వెనక్కి కర్రలా చాచి ఉంది.

తిప్పన దగ్గరకు పోయి చూశాడు. అక్కడ గడ్డి లేదు. జానెడు నేల గీకి పెట్టినట్టు బోడిగా ఉంది. ఎలుక కూడా దాగలేని చోటు. తూనీగల వెంట పడిన కుక్క, ఇక్కడా ఏదో పురుగును చూసి నిలిచిందనుకున్నాడు. పిట్ట లేని చోట చెయ్యెత్తితే తప్పు పడుతుంది. మెడపట్టెడ పట్టుకొని పక్కకు లాగాడు. రేగడి రాలేదు. బలంగా లాగాడు. రెండడుగులు వేశారో లేదో, ఆ బోడినేలలోని ఎడ్ల గిట్ట గుంటలోంచి కౌజుపిట్ట ఒకటి బుర్రుమని లేచింది.

మైలారయ్య చేతినుంచి డేగ వెళ్లింది. పిట్ట ఇరవై బారలు కూడా పోలేదు. గాల్లో నాలుగు ఈకలు తేలాయి.

తిప్పన గుండె ఆగింది. అది అక్కేనా? రేగడి వైపు చూశాడు. రేగడి లేచిన పిట్టనూ చూడలేదు, పడిన పిట్టనూ చూడలేదు. ఇక్కడ పని అయిపోయింది, తర్వాతి పని ఎక్కడ అన్నట్టు గాలిని చూస్తోంది. అక్క అయితే ఇది ఇట్లా ఉంటుందా, అనుకొని తిప్పన ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒక తప్పు," అన్నాడు మైలారయ్య. "కుక్కది కాదు, కుక్క మెడ పట్టినవాడిది. అయినా పడేది కుక్క పేరు మీదే. దానికంటే నీకు ఎక్కువ తెలుసనుకుంటే, అబ్బీ, రేపటినుంచి దాన్ని ఇంట్లో పెట్టి నువ్వే వాసన పట్టు."

తిప్పనకు సిగ్గు ముంచుకొచ్చింది. రేగడి ముందు మోకరిల్లి, దాని తలను రెండు చేతుల్లోకి తీసుకొని, నుదురుకు నుదురు ఆనించాడు. మాట్లాడడానికి లేదు కదా. ఆ తర్వాత మెడపట్టెడ విప్పి విసిరేశాడు. ఇక నువ్వు ఎక్కడ నిలిస్తే అక్కడ నేనూ నిలుస్తాను అని మనసులో గట్టిగా అనుకున్నాడు.

చుట్టు తిరిగి మళ్లీ ద్వారం వైపు వచ్చేసరికి చలివాగు అడ్డం వచ్చింది. రేగడి ఈదింది, గుర్రం దాటింది. శ్యామద్వీపపు దొర ఒడ్డున ఒక్క క్షణం తటపటాయించి, అంగీ మోకాళ్ల దాకా ఎత్తి నీళ్లలో దిగాడు. తిప్పన పక్కనే ఉన్నాడు. ఆ అంగీ కింద మనిషి కాళ్లు లేవు. వేలెడు లావున నల్లటి పొలుసుల కాళ్లు, ముందుకు మూడు గోళ్లు, వెనక్కి ఒకటి.

దొర తల తిప్పాడు. తిప్పన చూశాడని వాడు చూశాడు. చిరునవ్వు పోయింది.

"గువ్వలదిన్నె వాడివా నువ్వు," అన్నాడు కాకజంఘుడు నెమ్మదిగా. "దాని తమ్ముడివన్నమాట. నా ముత్యం నాకు చేరకముందే ఇక్కడ నీకు సమాధి కడతాను."

గుప్పిట విప్పి బూడిద ఊదాడు. ముత్యం లేక వాడి శక్తి సగానికి సగం తగ్గింది గానీ, కనికట్టుకు ఆ మిగిలింది చాలు. వాగు ఆవలి గడ్డి భగ్గున అంటుకుంది. తాటిచెట్టు ఎత్తున మంటల గోడ. మంటల్లోంచి కౌజుపిట్టలు వందలు వందలుగా లేచాయి. అటు చూస్తే పిట్టలు, ఇటు చూస్తే పిట్టలు, నెత్తి మీద, కాళ్ల సందున, ముఖం మీద రెక్కల చప్పుడు. మైలారయ్య గుర్రం ముందరి కాళ్లు ఎత్తి సకిలించింది. ఆయన చేతి మీది డేగ ఏ పిట్టను పట్టాలో తెలియక పిచ్చెత్తినట్టు తల తిప్పుతోంది. మంచె మీద హాహాకారాలు.

రేగడి మాత్రం వాగులోంచి ఒడ్డెక్కి, ఒళ్లు దులుపుకొని, తిన్నగా మంటల్లోకి నడిచింది.

తిప్పన నోరు తెరిచాడు. కేక గొంతులోనే ఆపుకున్నాడు. రేగడి ముక్కు ఎత్తి పిట్టల గుంపుల మధ్యనుంచి పోతోంది. ఒక్కదాన్ని కూడా పట్టించుకోవడం లేదు. తూనీగ వెంట పడిన కుక్క, నూరు పిట్టలు మూతి మీద ఎగిరినా చూడటం లేదు. అప్పుడు తిప్పనకు వెలిగింది. వాటికి వాసన లేదు. మంటకు పొగవాసన లేదు. మాయ కంటికి గాని ముక్కుకు కాదు. కళ్లు గట్టిగా మూసుకొని, రేగడి పాదాల చప్పుడు వింటూ, అతనూ మంటల్లో అడుగు పెట్టాడు. వెచ్చదనం కూడా తగలలేదు. మంచుగడ్డి కాళ్లకు చల్లగా తగిలింది.

వెనక గిట్టల చప్పుడు వినబడింది. మైలారయ్య గుర్రానికి పైపంచెతో గంతలు కట్టి, తానూ కుక్క పోయిన దారినే వస్తున్నాడు. అందరికంటే వెనక మసికుక్క, దాని వెనక అంగీ చేత పట్టుకొని గెంతుతూ కాకజంఘుడు.

కనికట్టు చెదిరిపోయింది. మళ్లీ బంగారు గడ్డి, మళ్లీ ఎండ. మంచెను ఆనుకునే పెద్ద రేగుపొద ఒకటి. రేగడి దానివైపు నెమ్మదిగా నడిచింది. నడుస్తూ నడుస్తూ వణకడం మొదలుపెట్టింది. పొదకు రెండు బారల దూరంలో ఆగింది.

ఎడమ కాలు ఎత్తలేదు. తోక చాచలేదు. ముందరి కాళ్లు చాపి, పొట్ట నేలకు కరిపించి, గడ్డం మట్టి మీద పెట్టి, పొదలోకి చూస్తూ పడుకుంది.

"పడుకుంది," అన్నాడు మైలారయ్య. ఆయన గొంతులో నిజంగానే విచారం ఉంది. "నిలవవలసిన చోట పడుకుంది. ఇది రెండో తప్పు, అబ్బీ. తాడు కట్టు."

తిప్పన కదల్లేదు. ఆరు నెలలుగా తనకు దక్కని మర్యాద అది. పొదలో ఉన్న పాదాలు ఎవరివో రేగడికి తెలుసు. కేకలన్నీ అయిపోయాయి గనుక నోరు విప్పితే తప్పేగానీ, ఇక తప్పులతో అతనికి పనేముంది?

"దొరా, డేగకు కళ్లు మూయించు."

"ఏమన్నావు?"

"నా కుక్క చెబుతోంది, దొరా. అది ఉత్త పిట్ట కాదు. తప్పే రాసుకో, నన్ను ద్వారం బయటికి తోసెయ్. కానీ ఆ డేగను వదలొద్దు. నేను దాన్ని చేత్తో పడతా."

"పందెపు పిట్టను చేత్తో ముట్టినవాడి చెయ్యి తీసేస్తారు. తెలుసునా?"

"తెలుసు," అన్నాడు తిప్పన, మోకాళ్ల మీద పొదలోకి పాకుతూ.

సరిగ్గా అప్పుడే మసికుక్క వచ్చిపడింది. ముందున్న కుక్క నిలిచిన చోట రెండోది వెనకనే ఆగాలి. పసిడిబీడులో నలభై ఏళ్లలో ఏ కుక్కా ఆ మర్యాద తప్పలేదు. ఇది ఆగలేదు. రేగడి మీదికి దూకింది. రేగడి ఒక్క అంగుళం కదిలినా పిట్ట బెదిరి లేస్తుంది, లేచిందా డేగ నోటికి పోతుంది. తిప్పన ఒకే ఒక్క మాట అన్నాడు.

"నిలు."

మసికుక్క పళ్లు రేగడి తెల్లచెవిలో దిగాయి. నెత్తురు కారి ఆ చెవి ఎర్రబడింది. రేగడి కదల్లేదు. మూలగలేదు. కన్ను పొదమీది నుంచి తీయలేదు. పదిహేను నెలల కూన, జన్మలో మొదటి పందెం, పల్లకీ ఎక్కని కుక్క. రాతిలో చెక్కినా అంత స్థిరంగా ఉండదు. తిప్పనకు కళ్లు నీళ్లతో నిండాయి. ఆ క్షణాన అతనికి కలిగిన గర్వం రణధవళ మహారాజుకు కిరీటం పెట్టుకున్నప్పుడు కూడా కలిగి ఉండదు.

ముళ్లు చీరుతుంటే రెండు చేతులూ పొద అడుగుకు చాపాడు. వేళ్లకు వెచ్చటి ఈకలు తగిలాయి. దోసిలి మూశాడు. లోపల చిన్న గుండె టకటకా కొట్టుకుంటోంది. ఇది అక్క కాకపోతే ఈ క్షణం నుంచి తాను మనిషి కాదు. ఒక్కసారి రేగడి వైపు చూశాడు. అది గడ్డం ఇంకా మట్టి మీదే పెట్టుకొని ఉంది. తిప్పన ఇక అనుమానించలేదు.

"మాచక్కా."

పొద ఫెళ్లున విరిగింది. అతని దోసిట్లో పిట్ట లేదు, మనిషి చెయ్యి ఉంది. తలనిండా గడ్డిపరకలు, చెంపల మీద ముళ్ల గీతలు, కౌజు ఈకలు ఇంకా రాలుతున్న భుజాలతో మాచమ్మ లేచి నిలబడింది. ఎడమ బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. నోట్లోంచి నల్లముత్యం తీసి గుప్పిట పట్టింది. ఆ ముత్యానికి ఎండ తగలగానే, రేగడి చెవి పట్టుకున్న మసికుక్క పిడికెడు బూడిదై గాలికి పోయింది.

మాచమ్మ మొదట అడిగింది తమ్ముడి సంగతి కాదు. "దీనికి నిలుపు ఎవరు నేర్పారు?"

"నేనే అక్కా," అన్నాడు తిప్పన.

"కేకలు పెట్టి ఉంటావు. అయినా నేర్చుకుంది చూడు, నా తల్లి," అంది.

అంతకంటే మాట్లాడుకునే తీరిక లేకపోయింది. కాకజంఘుడు అంగీ చించుకొని, ఏనుగంత కాకి అయి పైకి లేచాడు. రెక్కల గాలికి మంచె మీది పట్టు చిరిగింది, మువ్వలు రాలాయి, గంగాళం తిరగబడి రాగి గిన్నె గడ్డిలో పడింది. ముత్యం పట్టుకున్న మాచమ్మను ముట్టలేని ఆ నల్లటి గోళ్లు తిప్పన భుజాలు పట్టి నేలమీది నుంచి ఎత్తేశాయి.

"మాచమ్మా, ముత్యం తీసుకొని కాకిశిఖరానికి రా," అని ఆకాశంలోంచి గొంతు వచ్చింది. "పున్నమి దాటితే నీ తమ్ముడి ఎముకలు కూడా దొరకవు."

చూస్తుండగానే కాకి ఉత్తరాన కొండల మీద చుక్క అయిపోయింది. తిప్పన గొంగడి ఒక్కటి తేలుతూ వచ్చి బీడులో పడింది.

మాచమ్మ గొంగడి తీసుకొని వెనక్కి తిరిగింది. రేగడి పడుకున్నచోటే పడుకొని ఉంది. చెవి నుంచి నెత్తురు మట్టిలోకి కారుతోంది. నెత్తి మీద ఏనుగంత కాకి ఎగిరినా, పెంచిన మనిషి ఎదురుగా నిలబడినా, అన్నం పెట్టిన మనిషిని ఎత్తుకుపోయినా అది లేవలేదు. లేవమని దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

అప్పుడు వేటపెద్ద మైలారయ్య గుర్రం దిగాడు. డేగ తలకు టోపీ తొడిగి కొమ్మ మీద పెట్టాడు. మంచె దగ్గరకు నడిచి, గెలిచిన కుక్కకు కట్టే బంగారు గంట తెచ్చి, రేగడి ముందు మోకాలు వంచాడు.

"నలభై ఏళ్లు చూశాను. ఇట్లాంటి నిలుపు చూడలేదు," అన్నాడు.

మాచమ్మ ఆయన చెయ్యి ఆపింది. "గంట తర్వాత కట్టండి, దొరా. ఇప్పుడు మేం పోయే చోట మోగకూడదు. ఇయ్యదలిస్తే మీ గుర్రం ఇయ్యండి."

మైలారయ్య కళ్లేలు ఆమె చేతిలో పెట్టాడు.

మాచమ్మ గుర్రమెక్కి, తిప్పన గొంగడి రేగడి మూతి దగ్గర పట్టింది. కుక్క కళ్లు మూసుకొని ఒక్కసారి గట్టిగా పీల్చింది. గాలి ఉత్తరం నుంచి వస్తోంది. ఆ గాలిలో కొండలవతల ఎక్కడో తిప్పన చెమట వాసన ఉండే ఉంటుంది.

"పో," అంది మాచమ్మ.

రేగడి లేచింది. పల్లకీల ముందునుంచి, జరీ శాలువల ముందునుంచి, పొద్దున నవ్విన నౌకర్ల ముందునుంచి తల ఎత్తుకొని పరుగెత్తింది. వాళ్లంతా పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు. అది ఎవరివైపూ చూడలేదు. ముక్కు గాలికి ఎత్తి, నెత్తుటి చెవి వెనక్కి వాలి, తిన్నగా కాకిశిఖరం వైపు పోతోంది.